కుంట మన పట్టాలోదే, కట్ట కింద ఊరి మాటేమిటి?

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఉత్తర కార్తె నడుస్తుంటుంది. ముందు హస్త, చిత్త ఉన్నాయి. మన జిల్లాలో ఏడాది పొడవునా పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులో పెద్ద భాగం ఈ రెండు నెలల్లోనే, అదీ నాలుగైదు రాత్రుల్లోనే పడిపోతుందని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రాత్రుల కోసమే మనం కుంటలు కట్టుకున్నాం. మన కుంటలు తెగేదీ ఆ రాత్రుల్లోనే.

ఈ నెల సంపాదకీయం వేరుశనగ విత్తనం మీద రాయాలని అనుకున్నాం. దాన్ని పక్కన పెట్టడానికి కారణం ఉంది. పోయిన నెల మన సంఘం కార్యకర్తలు ఇద్దరు ఒక ఊరికి సభ్యత్వం పనిమీద పోయినారు. ఊరికి ఎగువన వంకకు అడ్డంగా ఒక ప్రైవేటు కుంట ఉంది. కట్ట పదిహేను అడుగుల ఎత్తు. కట్టకు దిగువన రెండు ఫర్లాంగుల్లో కూలీల ఇళ్ళు, ఒక బడి. కట్ట మీద నడుచుకుంటూ పోయిన మనవాళ్ళు చూసింది ఇది: మరవకు అడ్డంగా రెండు వరుసల ఇసుక మూటలు, వాటి మీద చేపల వల. తూము పక్కన మనిషి చెయ్యి పట్టేంత బొరియ. కట్ట నడుమ ట్రాక్టరు దిగి దిగి ఒకటిన్నర అడుగు పల్లం. కుంట యజమాని మన సంఘం సభ్యుడే. మాట చెబితే "నా కుంట, నా కట్ట, మీకెందుకు?" అన్నాడు. ఆయన పేరు రాయడం లేదు. ఆయన ఒక్కడి సంగతే అయితే ఇంత రాయాల్సిన పని కూడా లేదు.

ఇది రాస్తే కొందరు సభ్యులు కోపగిస్తారని తెలుసు. ప్రభుత్వాన్ని అడగాల్సిన సంఘం రైతుల మీద పడిందేమిటని అంటారు. ప్రభుత్వాన్ని అడిగేది కింద అడుగుతాం. దానికి ముందు మన ఇంటి కసువు మనమే ఊడ్చుకోవాలి.

ముందుగా నా ఇంటి సంగతి. మాకు నాలుగు తరాలుగా ఒక కుంట ఉంది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మూడేళ్ళ కరువు తర్వాత, ఒక సెప్టెంబరులో కుంట నిండింది. మా నాయన వద్దంటున్నా నేనే మరవ మీద మట్టి మూటలు పేర్పించాను. ఒక్క అడుగు నీళ్ళు ఎక్కువ నిలిస్తే ఎకరా వరి అదనంగా వస్తుందని నా లెక్క. పది రోజులకు ఒక రాత్రి కుండపోతగా వాన పడింది. అర్ధరాత్రి మా నాయన లాంతరు పట్టుకుని నన్ను లేపినాడు. కట్ట నడుమ ఎద్దులబండి దారి దగ్గర నీళ్ళు అంగుళం మందాన కట్ట దాటి పారుతున్నాయి. మూటలు తీయబోతే మరవలోకి మనిషి దిగే పరిస్థితి లేదు. ఊరివాళ్ళు వచ్చి, మరవకు అవతల గట్టి గరపనేల ఉన్న చోట గండి కొట్టి నీళ్ళు వదిలినారు. కట్ట నిలిచింది. ఆ గండి నీళ్ళు మాత్రం మా కింది చేను అక్క వాళ్ళ మూడెకరాల మీదుగా పారినాయి. పీకి కుప్ప వేసిన శనక్కాయ కట్టె మొత్తం వంకలో కలిసిపోయింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ ఏడు వాళ్ళింట్లో పిల్ల పెళ్ళి ఆగిపోయింది. ఈ ముప్పై ఏళ్ళలో మా కుంట మరవ మీద మళ్ళీ ఒక్క మూట పెట్టలేదు. కానీ అంతకుముందు పెట్టినవాణ్ణి నేనే.

కుంటలు తెగడానికి వాన ఎక్కువ కావడమే కారణమని మనం అంటుంటాం. వాన వస్తుందనే కదా కుంట కట్టింది. లెక్క చూడండి. ఒక ఎకరా మీద నాలుగు అంగుళాల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీళ్ళు. ఎగువన రెండు వందల ఎకరాల గుట్ట, బీడు ఉండి, పడినదాంట్లో సగం పారి వచ్చినా నాలుగు కోట్ల లీటర్లు. రెండెకరాల కుంట, సగటున ఆరున్నర అడుగుల లోతు అనుకుంటే పట్టేది కోటీ అరవై లక్షల లీటర్లు. అంటే ఖాళీ కుంట కూడా ఒక్క రాత్రిలో రెండుసార్లకు పైగా నిండిపోతుంది. మిగిలిన నీళ్ళు పోవాల్సిన దారి మరవ ఒక్కటే. దాన్ని మూసి పెట్టి, వాన ఎక్కువైందని మేఘాన్ని తిడితే ఏం లాభం? ఆ కోటీ అరవై లక్షల లీటర్లు పదహారు వేల టన్నుల బరువు. పదహారు టన్నుల లారీలు వెయ్యి వరుసగా కట్ట వెనక నిలబెట్టి ఉన్నాయనుకోండి. కట్ట తెగితే అవన్నీ ఒక్కసారిగా ఊరి మీదికి వస్తాయి.

ఈ లెక్క మనవాళ్ళకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి వేయించినది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించినాడు. రెండు పక్కలా కట్టకు ఆనుకునే కొండ, గట్టి నేల, దగ్గర్లో రాయి దొరికే చోటు, పని తెలిసిన మనుషులు, ఇట్లా పోతాయి అంగాలు. దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు కారడం. ఇంకొకటి చోటు తక్కువై నీళ్ళు ఎక్కువ రావడం. ఆరున్నర వందల ఏళ్ళ కింద రాతి మీద చెక్కిన ఈ రెండు దోషాలూ ఈనాటి మన కుంటల్లో సగానికి ఉన్నాయి.

ఇంకో దోషం ఉంది, అది మన కరువు నేలకే ప్రత్యేకం. కోస్తాలో చెరువు కట్ట ఏటా తడుస్తుంది. మన కుంట కట్ట నాలుగేళ్ళు, ఆరేళ్ళు ఎండుతుంది. ఎండిన కట్ట నెర్రెలిస్తుంది. నల్లమట్టి కలిసిన కట్ట అయితే చెయ్యి దూరేంత నెర్రెలు. ఎలుకలు, పందికొక్కులు బొరియలు తోడతాయి. పుట్టలు లేస్తాయి. కంపచెట్లు మొలిచి వేళ్ళు కట్ట లోపలికి పోతాయి, చెట్టు చస్తే ఆ వేరు కుళ్ళి గొట్టం లాంటి దారి మిగులుతుంది. నీళ్ళు లేవు కదా అని ఎవరూ కట్ట వైపు చూడరు. ఆరో ఏడు ఒక్క రాత్రిలో కుంట నిండుతుంది. ఆరేళ్ళు ఎండిన కట్ట తొలిసారి నిండినప్పుడు ఉన్నంత ప్రమాదం, ఏటా నిండే కట్టకు ఉండదు. కరువు పంటను చంపుతుందని మనకు తెలుసు. కట్టను కూడా చంపుతుంది, కాకపోతే వాన పడేదాకా ఆ సంగతి కనబడదు.

కట్టే పద్ధతి కూడా మారింది. మా నాయన కాలంలో కట్ట మట్టిని జానెడు మందం పరిచి, నీళ్ళు చల్లి, గొర్రెల మందను దాని మీద అటూ ఇటూ తోలేవాళ్ళు. ఆ మీదట ఇంకో జానెడు. (ఇంజనీర్లు కట్టలు అణచడానికి వాడే రోలరుకు ఇప్పటికీ గొర్రె కాలు పేరే ఉంది, షీప్స్‌ఫుట్ రోలర్ అంటారు.) ఇప్పుడు జేసీబీ వస్తుంది. రెండు రోజుల్లో ఎండు మట్టి కుప్ప పోసి, బకెట్‌తో నాలుగు దెబ్బలు తట్టి పోతుంది. చూపుకు ఎత్తుగా ఉంటుంది. లోపలంతా గుల్ల. గంటకు ఇంత అని బాడుగ ఇచ్చేవాడికి అణచడానికి ఇంకో రెండు రోజులు పెట్టమంటే చెయ్యి రాదు, నిజమే. కానీ బత్తాయి తోటకు లక్షలు పెట్టినవాళ్ళం, ఆ తోట పైన ఉన్న కట్టకు రోలరు బాడుగ పెట్టలేమా?

ఒకప్పుడు ప్రైవేటు చెరువు అనే మాటకు మన సీమలో అర్థం వేరుగా ఉండేది. దశబంధం ఇనాములు విన్నవాళ్ళు పెద్దవాళ్ళలో ఇంకా ఉన్నారు. చెరువో బావో సొంత ఖర్చుతో కట్టించినవాడికి, దాన్ని మరమ్మతు చేస్తూ ఉండాలనే షరతు మీద, ఆయకట్టు శిస్తులో పదో వంతు వదిలేవాళ్ళు, లేదా దానికి సరిపడా మాన్యం ఇచ్చేవాళ్ళు. కట్ట బాగు చూసినంత కాలమే మాన్యం. నీరుగంటికి కళ్ళం దగ్గర గింజలు కొలిచేవాళ్ళు, కట్ట మీద రాత్రి కాపలా ఆయన పని. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాములు రైతువారీ పట్టాలయినాయి. ఆ చట్టాన్ని తప్పు పట్టడం లేదు, ఇనాందారీ పోవాల్సిందే. నేను చూసిన ఊళ్ళలో మాత్రం భూమి పట్టాగా మిగిలింది, కట్ట చూసే బాధ్యత గాలికి పోయింది. నీరుగంటి కొడుకు బెంగుళూరులో సెక్యూరిటీ గార్డు.

ఇట్లాంటి చెరువు తెగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మన పక్కనే, చిత్తూరు సీమలో, నూట యాభై ఏళ్ళ కిందే కోర్టుకెక్కింది. కార్వేటినగరం జమీందారు భూమిలోని రెండు చెరువులు పెద్ద వానకు తెగి, ఆ నీళ్ళు మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను కొట్టుకుపోయినాయి. కంపెనీ నష్టపరిహారం కోసం జమీందారు మీద దావా వేసింది. వ్యవహారం లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1874లో తీర్పు వచ్చింది. అప్పటికి ఆరేళ్ళ ముందే, 1868లో, ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని కట్టించిన నీటి కుంట పక్కవాడి బొగ్గుగనిలోకి పారిన కేసులో అక్కడి పై కోర్టు గట్టి తీర్పు ఇచ్చి ఉంది. ప్రమాదం తెచ్చే నీటిని నీ నేలలో పోగుచేసుకున్నావు కాబట్టి, అది బయటపడి చేసిన నష్టం నీదే, నీ తప్పు ఉన్నా లేకున్నా, అని. రైల్వే కంపెనీ ఆ తీర్పు పట్టుకుని వాదించింది. ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఈ దేశంలో చెరువు సొంత సరదా కోసం కట్టింది కాదు, వేల మంది బతుకు దాని మీద ఉంది, అనాదిగా వస్తున్న ఆచారం, దాన్ని నిలబెట్టడం జమీందారుకు హక్కు మాత్రమే కాదు విధి కూడా, కాబట్టి ఆయన అజాగ్రత్త రుజువైతే తప్ప నష్టం కట్టనక్కర్లేదు అన్నారు. అజాగ్రత్త రుజువు కాలేదు. జమీందారు గెలిచాడు.

ఈ తీర్పును రెండు రకాలుగా చదవొచ్చు. కుంట యజమానికి ఏ బాధ్యతా లేదని ఒక రకం. నేను రెండో రకంగా చదువుతాను. ఆయన్ను వదిలింది చెరువు ఆయన సొంతం కాబట్టి కాదు. అది నలుగురికీ నీళ్ళిచ్చేది, దాన్ని ఆయన తగినంత జాగ్రత్తగా చూసుకున్నాడు కాబట్టి. మరవ మీద వల కట్టినవాడికి, బొరియ చూసి ఊరుకున్నవాడికి ఆ తీర్పు నీడ పట్టదు. "నా కుంట" అన్న మాటతోనే ఆ నీడ పోతుంది. నా కుంట అంటే నా తప్పు కూడా నాదే.

మరవకు వల కట్టడం చిన్న విషయం అనుకునేవాళ్ళకు అమెరికా కథ ఒకటి చెప్పాలి. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అనే చోట 72 అడుగుల ఎత్తు మట్టి కట్ట ఉండేది. మొదట ప్రభుత్వం కాలువ కోసం కట్టింది. కాలువ పనికిరాకుండా పోయాక ప్రైవేటు చేతుల్లోకి పోయింది. మధ్యలో ఒక యజమాని అడుగు తూము ఇనుప గొట్టాలు పీకి తుక్కు కింద అమ్ముకున్నాడు. ఆ తర్వాత పిట్స్‌బర్గ్ కోటీశ్వరులు దాన్ని కొని చేపలు పట్టుకునే క్లబ్బు పెట్టుకున్నారు. గుర్రపు బగ్గీలు పోవడానికి కట్ట తల చెక్కి తగ్గించారు. చేపలు పోకుండా మరవకు ఇనుప జల్లెడలు బిగించారు. 1889 మే 31న వాన పడింది. జల్లెడలకు చెత్త పట్టి మరవ మూసుకుపోయింది, నీళ్ళు దించడానికి తూము లేదు, తగ్గించిన తల మీదుగా నీళ్ళు దాటినాయి. దిగువన జాన్స్‌టౌన్ అనే కార్మికుల ఊరు. 2,200 మందికి పైగా చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావాలు ఒక్కటీ నిలవలేదు. దేవుడి పని అన్నారు.

మన సభ్యుడి కుంట దగ్గర మనవాళ్ళు చూసింది మళ్ళీ గుర్తు చేసుకోండి. మరవకు వల. ట్రాక్టరు కోసం దిగిన కట్ట తల. పాడైన తూము. మూడుకు మూడూ ఉన్నాయి.

కోటీశ్వరుల కట్ట అయితేనేం, కాలం పాతదైతేనేం అనొద్దు. 2018 మే 9 రాత్రి ఆఫ్రికాలో కెన్యా దేశం సోలై దగ్గర ఒక ప్రైవేటు తోట యజమాని మట్టి కట్ట తెగి 48 మంది పోయినారు. ఎగువన తోటకు నీళ్ళు, దిగువన గుడిసెలు. ఆ మరుసటి ఏడు, 2019 జూలై 2న, మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే చెరువు తెగి ఇరవై మంది దాకా చనిపోయారు. అది ప్రభుత్వానిదే. నీరు కారుతోందని ఊరివాళ్ళు ముందే మొత్తుకున్నారు. తెగిన తర్వాత అక్కడి మంత్రి ఒకాయన ఎండ్రకాయలు కట్టను తొలిచాయని చెప్పినాడు. దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎండ్రకాయ కట్టను తొలుస్తుంది, మనం చూస్తూనే ఉన్నాం. బొరియ తోడింది ఎండ్రకాయే. పూడ్చని వాడెవడన్నదే ప్రశ్న.

మన దగ్గర సంగతి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా కట్ట తెగి ఆ నీళ్ళూ దీని మీద పడినాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఇసుక మేటలయినాయి. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువు తెగి, పండమేరు వంక పొంగి, అనంతపురం అంచున ఉన్న కాలనీలు రాత్రికి రాత్రి మునిగినాయి. వంక ఒడ్డున ఇంటి స్థలం ఎవరికి ఇస్తారు? వేరే చోట కొనలేని వాళ్ళకే. కట్ట తెగిన ప్రతిచోటా ముందు మునిగేది వాళ్ళే.

ఒక కట్ట తెగితే కింది కట్టకు ఏమవుతుందో కూడా ఆలోచించండి. మన కుంటలు ఒకే వంక మీద దండలో పూసల్లాగా ఉంటాయి. పై కుంట తెగితే ఆ నీళ్ళు మొత్తం కింది కుంట మరవ తట్టుకోవాలి. తట్టుకోదు. చివరికి ఊరి చెరువు మీద పడుతుంది. ఊరి చెరువు తెగిందని ఇంజనీరును తిడతాం. మొదటి పూస ఎవరి పొలంలో తెగిందో అడగం.

బుక్కరాయసముద్రం వాళ్ళకు ముసలమ్మ కట్ట సంగతి చెప్పనక్కర్లేదు. చెరువు తెగబోతే ఊరి కోసం ఆ ఇంటి కోడలు తనను కట్టకు అప్పగించుకుందనే కథ. కట్టమంచి రామలింగారెడ్డి దాని మీదే కావ్యం రాశారు. ఇప్పటికీ పూజలు జరుగుతాయి, నేనూ దండం పెట్టినవాణ్ణే. కానీ చిన్నప్పటి నుంచి నాకొక సందేహం. ఆ కథలో కట్ట చూడాల్సిన పెద్దలు అంతకుముందు ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పరు.

ఇక ప్రభుత్వం వైపు. అన్నమయ్య తెగిన మరుసటి నెల, 2021 డిసెంబరులో, కేంద్రం డ్యామ్ సేఫ్టీ చట్టం తెచ్చింది. ఏటా వానలకు ముందు, తర్వాత తనిఖీలు, యజమానికి బాధ్యత, శిక్షలు అన్నీ ఉన్నాయి. అయితే అది వర్తించేది 15 మీటర్లు, అంటే 49 అడుగులు దాటిన కట్టలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు, నీటి నిల్వ వంటి కొన్ని షరతులు కలిస్తేనే. మన కుంటల కట్టలు పది, పదిహేను, మహా అయితే ఇరవై అడుగులు. చట్టం దృష్టిలో అవి లేవు. నూరెకరాల ఆయకట్టు దాటిన చెరువులకు నీటిపారుదల శాఖ ఉంది. 1997 చట్టం కింద నీటి సంఘాలు ఉన్నాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిగినాయి. పట్టా భూమిలో కుంటకు ఎవరున్నారు? ఒక్కరూ లేరు. పదిహేను అడుగుల కట్ట కింద బడి ఉంటే, ఆ కట్ట ఎత్తు చాలదు కాబట్టి పిల్లలకు ప్రమాదం లేదని చట్టం అనుకుంటున్నదా?

మనం అడగాల్సింది ఇది. మండలానికి ఒక ఇంజనీరు వానలకు ముందు ప్రైవేటు కుంటలను కూడా చూడాలి. చూసి రాసింది పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అది రైతు మీద జరిమానా వేయడానికి కాదు. ఉపాధి హామీలో సన్నకారు రైతు పొలంలో ఫారం పాండు తవ్వడానికి డబ్బు ఉన్నప్పుడు, అదే రైతు కుంట కట్ట అణచడానికి, మరవకు రాతిపని చేయడానికి ఎందుకు ఉండకూడదు? కట్ట కింద ఊరు ఉంటే అది ఊరి పనే. డబ్బు తీసుకున్న రైతు మరవ మూయనని రాసివ్వాలి, అంతే. పాత దశబంధం షరతు ఇదే కదా. దొడ్డ రైతులు, కంపెనీ తోటల వాళ్ళు తమ ఖర్చుతో చేసుకోవాలి. వాళ్ళకు సబ్సిడీ అడగడానికి ఈ సంఘం లేదు.

నష్టపోయిన కింది రైతుకు ఒక మాట. కట్ట తెగి పొలంలో ఇసుక మేట వేస్తే, మందం మూడు అంగుళాలు దాటితే విపత్తు సహాయం కింద మేట తీయడానికి డబ్బు వస్తుంది. మేట తీయకముందే వీఆర్‌ఓను పిలిచి కొలిపించండి, ఫోటోలు తీయించండి. తీసేసిన తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

ప్రభుత్వం కదిలేదాకా హస్త కార్తె ఆగదు. కుంట ఉన్న ప్రతి సభ్యుడూ ఈ వారంలో చేయాల్సిన పని ఉంది. మరవ మీద మూట, వల, రాళ్ళు ఏమున్నా తీసేయండి. చేపల గుత్తేదారుకు చెప్పండి, చేపలు పోతే పోతాయి, వల కావాలంటే కుంట లోపల కట్టుకోమనండి. నిండు నీటి మట్టానికి కట్ట తల కనీసం మూడడుగులు పైన ఉండాలి. ట్రాక్టరు దిగిన పల్లం మట్టి పోసి, తడిపి, అణచి సమానం చేయండి. ఎండు మట్టి పోసి వదిలితే మొదటి వానకే పోతుంది. కట్ట మీద కంప కొట్టండి. పెద్ద చెట్టయితే నీళ్ళున్నప్పుడు వేళ్ళతో పెకలించొద్దు, కొమ్మలు కొట్టి వదిలి, కుంట ఎండినప్పుడు తీసి గుంత అణచండి. తూము తలుపు లేస్తుందో లేదో నీళ్ళు రాకముందే చూసుకోండి.

కుంట నిండిన తర్వాత కట్ట వెనక వైపు, అంటే పొలం వైపు, పొద్దున సాయంత్రం నడవండి. తేమ ఉంటుంది, ఊట కూడా ఉండొచ్చు. నీళ్ళు తేటగా వస్తుంటే రోజూ కాచుకోండి. ఎర్రగా, మడ్డిగా వస్తుంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, ఊట వచ్చే చోట బంకమట్టి వేసి మూస్తారు. నీరు ఇంకో చోట దారి చేసుకుంటుంది, ఈసారి పెద్దది. ఊట మీద ముతక ఇసుక, దాని మీద కంకర వేయండి, నీళ్ళు పోవాలి, మట్టి ఆగాలి. చుట్టూ ఇసుక మూటలు గుండ్రంగా పేర్చండి. బంకమట్టి, గడ్డి మూటలు వేయాల్సింది నీళ్ళ వైపు, సుడి తిరిగే చోట. తూము ఎత్తి నీళ్ళు దించండి, కానీ ఒక్కసారిగా ఖాళీ చేయొద్దు. నానిన కట్ట నీళ్ళ వైపు ఆనిక పోయి జారిపోతుంది.

అన్నిటికంటే ముందు కింది ఇళ్ళకు చెప్పాలి. పంట పోతుందని భయపడి, పోలీసు కేసు అవుతుందని భయపడి కట్ట దగ్గరే తంటాలు పడుతూ ఊరికి చెప్పని వాళ్ళను చూశాను. ముందు దండోరా, తర్వాత మూటలు. కట్ట కింద ఉండే ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు కుంట యజమాని దగ్గర ఉండాలి. ఈయన నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. వానల నెలల్లో కట్ట మీద నడిచే హక్కు వాళ్ళకు ఉండాలి. "నా పొలంలోకి ఎందుకొచ్చావు" అనే మాట సంఘం సభ్యుడి నోట రాకూడదు. కూలీ అక్కచెల్లెళ్ళు మేకలు తోలుకుంటూ రోజూ ఆ కట్ట మీద పోతుంటారు. ఊట ఎక్కడ పుట్టిందో మనకంటే ముందు చూసేది వాళ్ళే.

మొదట్లో చెప్పిన ఆ సభ్యుడి దగ్గరకు మండల కమిటీ మళ్ళీ పోయింది. ఈసారి కింది కాలనీ నుంచి ఐదుగురు కూడా వచ్చారు. అరగంట వాదన జరిగింది. మూటలు తీయించాడు. వల ఇంకా తీయలేదు, గుత్తేదారుతో మాట్లాడతానన్నాడు. పది రోజులు చూసి మళ్ళీ పోతాం.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి గ్రామ కార్యదర్శీ ఒక కాగితం తేవాలి. ఊళ్ళో పట్టా భూముల్లో ఉన్న కుంటలు ఎన్ని, ఏ వంక మీద, కట్ట ఎంత ఎత్తు, మరవ తెరిచి ఉందా మూసి ఉందా, కింద ఎన్ని ఇళ్ళున్నాయి. ఆ జాబితా పట్టుకునే కలెక్టరు ఆఫీసుకు పోతాం. మా ఊరి కాగితంలో మొదటి వరుసలో మా కుంటే రాశాను. మరవ తెరిచే ఉంది. కట్ట మీద కంప సగం కొట్టాను, ఇంకా సగం ఉంది. తూము తలుపు తుప్పు పట్టి కదలడం లేదు, ధర్మవరం నుంచి మనిషిని రమ్మన్నాను.